పూల్ పైపులు ఎక్కడ మొదలవ్వాలి?

ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో ఒక కొబ్బరితోట. తోటలో ఇల్లు లేస్తోంది. గోడలు లింటెల్ దాటాయి, స్లాబుకు సెంట్రింగ్ కొట్టాలి. ఇల్లు కట్టుకుంటున్న కుర్రాడు సరుకు ఓడలో ఇంజన్ రూమ్ ఇంజినీరు. అతని మేనమామ గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే. వాళ్ల నోట పెట్టిన వాదనలు మాత్రం ఉద్దానంలో ఇల్లు కట్టే ఎవరికైనా ఎదురయ్యేవి, లెక్కలు ఎవరికి వాళ్లు కాగితం మీద వేసి చూసుకోగలిగినవి. పూల్‌కు సోలార్ వేడి పెట్టాలా, పెడితే పైపులు ఎలా నడపాలన్నది పైకి కనిపించే తగువు. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది దాని కింద ఉన్న తగువు.

అల్లుడు: మావయ్యా, స్లాబు పడకముందే పైపు దారులు తేల్చెయ్యాలి. పూల్ పొడుగు 8 మీటర్లు, వెడల్పు 4. సగటు లోతు మీటరుంపావు. మొత్తం 40 వేల లీటర్లు. మేడ మీద 16 చదరపు మీటర్ల ప్యానెళ్లు. నల్లటి ప్లాస్టిక్ గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, పైన అద్దం ఉండదు. పూల్ ఫిల్టరు మోటారే నీళ్లను పైకి తోస్తుంది, అవి వేడెక్కి కిందికొస్తాయి. వేరే మోటారు అక్కర్లేదు.

మామ: ఎవరికిరా ఈ వేడినీళ్లు? మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లకే చెయ్యి చురుక్కుమంటుంది.

అల్లుడు: అమ్మకి. మోకాళ్లు పట్టేశాయి. నీళ్లలో నడిస్తే ఒంటి బరువు కీళ్ల మీద పడదు, నొప్పి లేకుండా కాళ్లాడించొచ్చని డాక్టరు చెప్పాడు. మేలో అయితే ఇబ్బంది లేదు. పుష్యమాసం వచ్చేసరికి తెల్లవారుజామున 16, 17 డిగ్రీలకు దిగుతుంది. మూత లేని పూల్‌లో నీళ్లు 22 దగ్గర ఆడుతుంటాయి. కీళ్ల వ్యాయామానికి 32 అయినా ఉండాలి.

మామ: అక్క కోసమైతే నేను అడ్డం పడను. కానీ నువ్వు గీసిన బొమ్మలో అక్క నాకు కనిపించలేదు. లెక్క వేద్దాం. వేడిని కూడా కరెంటు యూనిట్లలోనే కొలుద్దాం. చలికాలంలో మన దగ్గర చదరపు మీటరుకు రోజుకు ఇంచుమించు 5 యూనిట్ల ఎండ పడుతుంది. అందులో 60 శాతం ప్యానెల్ నీళ్లలోకి దింపిందనుకో. 16 మీటర్లకు 48 యూనిట్లు. 40 వేల లీటర్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే 46 యూనిట్లు కావాలి. రోజంతా మబ్బు లేకుండా కాస్తే నీకు దక్కేది ఒక డిగ్రీ.

అల్లుడు: రోజుకో డిగ్రీ చొప్పున పది రోజులకు పది డిగ్రీలు. పూల్ తనంతట తాను తాగే ఎండ దానికి అదనం.

మామ: మరి పోయేది? చలికాలం పొడిగాలికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకో. నీ పూల్ పైభాగం 32 చదరపు మీటర్లు. అంటే 160 లీటర్లు. ఒక్కో లీటరు ఆవిరవుతూ తనతో యూనిట్‌లో మూడింట రెండొంతుల వేడి పట్టుకుపోతుంది. నూరు యూనిట్ల పైమాటే. నువ్వు మేడ మీద నుంచి తెచ్చేది 48. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆవిరి ఇంకా పెరుగుతుంది. చిల్లికుండకు కొత్త చేంతాడు కొంటున్నావు నువ్వు.

అల్లుడు: మూత వేస్తాంలే. బుడగల ప్లాస్టిక్ మూత, నీళ్ల మీద తేలేది. ఆవిరి దాదాపుగా ఆగిపోతుంది, ఎండ కూడా చాలావరకు లోపలికి దిగుతుంది.

మామ: ఆ మూత నీ బొమ్మలో ఏది? ప్యానెళ్లు గీశావు, సెన్సారు గీశావు, దానంతట అదే తిరిగే వాల్వు గీశావు. అన్నిటికంటే ముందు కొనాల్సింది, అన్నిటికంటే చవకైనది మర్చిపోయావు. మూత వేస్తే ప్యానెళ్లు లేకుండానే నీళ్లు నాలుగైదు డిగ్రీలు ఎక్కుతాయి. మూత వెయ్యకుండా ప్యానెళ్లు ఎన్ని పెట్టినా ఊరి గాలిని వెచ్చబెట్టడమే.

ఇక్కడ నేను మామ పక్షం. పూల్ వేడి గురించి ఎవరు మాట్లాడినా మాట మేడ మీదకే పోతుంది. వేడి పోయేది నీటి పైభాగం నుంచి, ఎక్కువగా ఆవిరి రూపంలో. ఉద్దానంలో ఆవిరంటే వేడి పోవడం ఒక్కటే కాదు, నీళ్లు పోవడం కూడా. మామ మాట అటే తిరిగింది.

మామ: 160 లీటర్లంటే ఎంతో తెలుసా? జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. ముగ్గురి వాటా నువ్వు రోజూ గాలికి వదుల్తావు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ పల్లెల్లో నీళ్ల గురించి జనం ముందు నిలబడి సమాధానం చెప్పినవాణ్ణిరా. బోరు నీళ్లు తాగాలంటే భయం, తాగక తప్పదు. ఇంటికొకరు కిడ్నీలు పాడై మంచం పట్టిన వీధులు చూశాను. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడు మండలాలకు వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబర్ 14న మొదలైంది. అదే రోజు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న కుళాయి నీళ్లు నువ్వు ఈతకు వాడతానంటే నేను ఒప్పుకోను.

అల్లుడు: కుళాయి నీళ్లు ముట్టుకోను, మాటిస్తున్నాను. మన తోట బావి ఉంది. అయినా మావయ్యా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. డ్రిప్ పెట్టిన కొబ్బరిచెట్టుకు ఎండాకాలం రోజుకు 40 నుంచి 60 లీటర్లు ఇస్తున్నాం. నువ్వు చెప్పిన 160 లీటర్లు మూడు, నాలుగు చెట్ల నీళ్లు. ఎకరానికి 60 చెట్లున్న తోటలో నాలుగు చెట్ల నీళ్లతో మా అమ్మ నడవగలిగితే అది దుబారా అవుతుందా? ఉద్దానంలో ఏం చేసినా కిడ్నీ జబ్బు పేరెత్తి ఆపేస్తే ఈ నేల మీద మనం ఏం కట్టుకుంటాం? ఇక్కడ బతకడానికే కదా తిరిగొస్తున్నాం.

మామ: ... అది నిజమే. కొబ్బరి లెక్క నేను వేసుకోలేదు. బావి నీళ్లతో, మూత వేసి నడిపితే నీళ్ల గురించి నా అభ్యంతరం సగం తగ్గుతుంది. ఇప్పుడు ఇంకో సంగతి చెప్పు. 32 చదరపు మీటర్ల మూత రోజూ ఎవరు తీస్తారు?

అల్లుడు: చుట్టేసే రోలరు ఉంటుంది.

మామ: నువ్వు ఓడెక్కితే మళ్లీ ఆరు నెలలకో, తొమ్మిది నెలలకో దిగుతావు. కోడలు పిల్లల చదువుకని విశాఖలో ఉంటుంది. ఇంట్లో ఉండేది అక్క, పనిమనిషి. నాలుగు మీటర్ల వెడల్పు మూత, తడిసి ఉన్నది, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి లాగుతుందా? లాగలేక ఓ మూల ఎత్తి దిగిందనుకో, మూత కింద చిక్కుకుంటే బయటపడటం కష్టం. ఈత వచ్చినవాళ్లకే ప్రమాదం. అందుకే చెప్తున్నాను, అక్క కోసమైతే తొట్టి చిన్నది కట్టు. నాలుగు మీటర్లు, రెండున్నర మీటర్లు, ఛాతీలోతు నీళ్లు. 11 వేల లీటర్లు. గోడ పొడుగునా పట్టుకోడానికి స్టీలు రాడ్డు, దిగడానికి పొట్టి మెట్లు. నీటి పైభాగం 10 చదరపు మీటర్లు, ఆ మూతను ఒక్క మనిషి చుట్టెయ్యొచ్చు. 10 మీటర్ల ప్యానెళ్లు పెడితే రోజుకు రెండు డిగ్రీలు ఎక్కుతుంది. పది రోజుల్లో నువ్వడిగిన 32 వచ్చేస్తుంది.

అల్లుడు: పిల్లలు? వాళ్లకి ఈత నేర్పించాలని నాకెంత ఉందో నీకు తెలీదు. సముద్రం పక్కన పుట్టి, సముద్రం మీద బతుకుతూ, ఈత రాని పిల్లల్ని పెంచడం నావల్ల కాదు. బారువ తీరంలో అలల్లోకి దింపలేను. రెండున్నర మీటర్ల తొట్టిలో వాళ్లు చెయ్యి చాపే చోటు కూడా ఉండదు.

మామ: పిల్లలొచ్చేది వేసవి సెలవులకు. అప్పుడు వేడి అక్కర్లేదు. పెద్ద పూల్ కావాలంటే తర్వాత కట్టుకో, వేడి లేకుండా. ముందు అక్కకి.

అల్లుడు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. చిన్నదైనా పెద్దదైనా పైపుల వరస ఒకటేనని కాగితం తిప్పి వెనకవైపు గీయడం మొదలెట్టాడు.

అల్లుడు: తొట్టి నుంచి మోటారు, మోటారు నుంచి ఫిల్టరు. శుభ్రమైన నీళ్లే ప్యానెల్‌కు వెళ్లాలి, లేకపోతే సన్నగొట్టాలు పూడుకుపోతాయి. ఫిల్టరు దాటాక ఒక ఎన్నార్వీ, నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు. మోటారు ఆగినప్పుడు మేడ మీద నీళ్లు వెనక్కి జారి, ఫిల్టరులో చిక్కిన మడ్డిని లేపకుండా ఆపడానికి. తర్వాత మూడు దారుల వాల్వు. ఒక దారి మేడకు, ఒక దారి నేరుగా తొట్టికి. మేడ నుంచి దిగే పైపు మళ్లీ తొట్టి లైన్లో కలుస్తుంది. క్లోరిన్ పెట్టె అన్నిటికంటే చివర, ప్యానెల్ దాటాకే. ఘాటు క్లోరిన్ ప్యానెల్ గొట్టాల్లోకి పోకూడదు.

మామ: లాగే పైపులు? అడుగున ఒకటే పెట్టావు.

అల్లుడు: ఒకటి చాలదూ?

మామ: చాలదు. లాగే నోరు ఒకటే ఉండి, దాని మీద కాలో, జుట్టో, పిల్లాడి వీపో అతుక్కుంటే ఊడదు. రెండు నోళ్లు పెట్టి, మధ్య మీటరు దూరం ఉంచి, ఒకే పైపుకు కలపాలి. ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతూ ఉంటుంది. ఇది డబ్బుకు చూసుకునే చోటు కాదు.

అల్లుడు: సరే. మేడకు రెండంగుళాల పైపు.

మామ: 10 మీటర్ల ప్యానెల్‌కు నిమిషానికి 40 లీటర్లు పారితే చాలు. ఒకటిన్నర అంగుళం సరిపోతుంది.

అల్లుడు: సరిపోతుంది, కానీ మేస్త్రికి ఒకటిన్నర అని చెప్తే ఒకటి వేసి పోతాడు. పైపు సగం సన్నబడితే అదే నీళ్లకు రాపిడి 30 రెట్లు. ఆ బరువంతా మోటారు మీద, నెలనెలా బిల్లు మీద. రెండంగుళాలకు తేడా కొన్ని వందల రూపాయలు.

మామ: వేయించు. కానీ పైపును స్లాబులో పూడ్చకు. నాలుగంగుళాల స్లీవ్ పెట్టించి అందులోంచి దూర్చు. రేపు పగిలితే కొత్తది దూర్చుకోవచ్చు. ప్యానెళ్లకు నీళ్లు ఎటు నుంచి?

అల్లుడు: కింద ఎడమ మూల నుంచి ఎక్కి, పైన కుడి మూల నుంచి దిగుతాయి. అప్పుడు ఏ ప్యానెల్ గుండా వెళ్లినా నీటికి దారి పొడుగు ఒకటే, అన్నీ సమానంగా పారతాయి. ఎక్కిన వైపే దింపితే దగ్గరి ప్యానెల్‌లో నీళ్లు పరిగెడతాయి, చివరిది కాలుతూ ఖాళీగా ఉంటుంది. ఎక్కే పైపు మీద, పై ఎత్తులో, గాలి లోపలికి పీల్చే వాల్వు. మోటారు ఆగగానే అది తెరుచుకుంటుంది, ప్యానెళ్లు ఖాళీ అవుతాయి. దాన్ని దిగే పైపు మీద పెడితే మాత్రం తప్పు. అక్కడ కిందికి జారే నీళ్లు లాగుతుంటాయి కాబట్టి మోటారు నడుస్తున్నంతసేపూ గాలి పీల్చి తొట్టిలోకి బుడగలు పంపుతుంది.

మామ: ఖాళీ అవడం మంచిదే. ఎండలో నిలవ నీళ్లు కాగి పైపుల్ని మెత్తబరచవు. మరి ప్యానెళ్లు మేడ మీద ఎందుకు? మోటారు గది స్లాబు తక్కువ ఎత్తులో ఉంది, పైపు పొడుగు తగ్గుతుంది.

అల్లుడు: కొబ్బరి నీడ. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. 18 మీటర్ల చెట్టు నేల మీద ఉత్తరంగా 16 మీటర్ల నీడ వేస్తుంది. నాలుగు మీటర్ల ఎత్తు మేడ మీదైతే ఆ నీడ 13 దగ్గర ఆగిపోతుంది. మోటారు గదికి దక్షిణాన మూడు చెట్లున్నాయి. వాటిని కొట్టను.

మామ: కొట్టకు. తిత్లీ తుఫాను పోయిన మర్నాడు ఈ తోట చూశావు కదా.

అల్లుడు: ఓడలో ఉన్నాను. ఫోటోలు చూశాను.

మామ: ఫోటోలో వినపడదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140, 150. విసురుకు 165 కిలోమీటర్లు. మొదలుకంటా కాసిన చెట్లు వేళ్లతో లేచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జీడితోటలు విరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు నీ ప్యానెళ్లకు లెక్క కట్టు. 165 గాలి చదరపు మీటరు మీద 125 కిలోల బరువుతో తోస్తుంది. పది మీటర్లంటే టన్నుంపావు. నీ పిట్టగోడకు కొట్టే బిళ్లలు ఆపుతాయా దాన్ని?

అల్లుడు: స్లాబులోనే యాంకర్ బోల్టులు...

మామ: ఆపొచ్చు. కానీ ఆపడమే ఎందుకని అడుగుతున్నాను. ఫైలిన్ 2013 అక్టోబర్ 12. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12. తిత్లీ అక్టోబర్ 11. నీకు వేడి కావాల్సింది ఎప్పుడు? నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరులో ప్యానెల్ మేడ మీద ఉండాల్సిన పనేంటి? గట్టి ప్యానెల్ కాకుండా చాపలా చుట్టుకునే రబ్బరుగొట్టాల రకం ఉంది. చలికాలం ముందు పరిచి కట్టు, శివరాత్రి వెళ్లాక చుట్టి గదిలో పెట్టు. డిసెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చినా రెండు రోజుల ముందే తెలుస్తుంది, ఇద్దరు మనుషులు ఒక్క పూటలో దింపేస్తారు.

అల్లుడు: ఏటేటా విప్పి బిగిస్తే జాయింట్లు కారతాయి.

మామ: అతికించిన జాయింట్ అయితే కారుతుంది. విప్పి బిగించే యూనియన్ పెట్టు, రబ్బరు రింగు ఏడాదికోసారి మార్చు. ఎక్కే పైపుకొకటి, దిగే పైపుకొకటి. యూనియన్‌కు ముందు బాల్ వాల్వు. ప్యానెల్ మొత్తం తీసేసినా కింద తొట్టి, ఫిల్టరు మామూలుగా నడవాలి. క్లాంపులు ఇనుపవి వద్దు. సముద్రం ఇంత దగ్గర, జీఐ రెండేళ్లు నిలవదు.

ఉద్దానంలో సోలార్ పైపులకు ఇదే ప్రత్యేకత అని నాకు అనిపిస్తుంది. చలిదేశాల్లో ప్యానెళ్లను ఖాళీ చేసేది మంచు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా. ఇక్కడ మంచు లేదు, గాలి ఉంది. విప్పడానికి వీలుగా కట్టడమే ఇక్కడి పనితనం.

అల్లుడు: అయితే మేలో? ఇవే ప్యానెళ్లలో రాత్రిపూట నీళ్లు తిప్పితే చల్లబడతాయి. ఆకాశంలోకి వేడి వదిలేస్తాయి. పిల్లలకు మే నెల నీళ్లు కాగుతుంటాయి కదా.

మామ: అయితే జూన్ మొదటి వారంలో చుట్టు. తేదీ నీ ఇష్టం, అక్టోబరుకు మాత్రం గదిలో ఉండాలి. వాల్వు ఆటోమేటిక్ వద్దు, చేత్తో తిప్పేది పెట్టు. ఎండెక్కాక ఇటు, పొద్దువాలేముందు అటు. రంగులు వెయ్యి, ఎర్రది మేడకు, నీలం తొట్టికి. సెన్సారు చెడిపోతే పలాస నుంచి మనిషి రావాలి. పిడి తిప్పడానికి అక్క చాలు.

అల్లుడు: అందరూ మేడ మీద కరెంటు ప్యానెళ్లే పెట్టుకోమంటున్నారు. సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేలు రాయితీ. దాంతో హీట్ పంపు నడిపితే...

మామ: ఇంటికి కరెంటు కావాలంటే పెట్టుకో, మంచిదే. తొట్టి కోసం వద్దు. హీట్ పంపు రేకులను ఉప్పుగాలి తినేస్తుంది. అది బాగుచేసే మనిషి నువ్వే, నువ్వేమో ఓడలో.

అల్లుడు: సరే, నీళ్లు ఎక్కడివో నువ్వే చెప్పు. బావి అన్నాను, నీ మొహంలో ఇంకా ఏదో ఉంది.

మామ: అదే మేడ. నూరు చదరపు మీటర్ల స్లాబు. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన. లక్ష లీటర్లు ఆ స్లాబు మీద పడి ఇసుకలో ఇంకిపోతాయి. తొట్టికి కావాల్సింది 11 వేలు. మొదటి వానకు కొట్టుకొచ్చే దుమ్ము, రెట్ట పక్కకు వదిలేసి, తర్వాతి నీళ్లు ఇసుక వడపోతలోంచి తొట్టిలోకి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నింపుకో, నవంబరులో మూత వెయ్యి. మూత వేసిన తొట్టికి రోజుకు ఐదారు లీటర్లకు మించి తరుగుండదు. బావి మీద కూడా చెయ్యి వెయ్యక్కర్లేదు. నువ్వు ప్యానెల్ దగ్గర మొదలుపెట్టి కిందికి గీసుకొచ్చావు. వాన పైపు దగ్గర మొదలుపెట్టి గీయాలి.

అల్లుడు: వాన నీళ్లలో సున్నం ఉండదు, సిమెంటు పూతను తినేస్తాయి.

మామ: టైల్స్ వేయించు. క్లోరిన్‌కు బ్లీచింగ్ పౌడరు వాడు, అందులో కాల్షియం ఉంటుంది. సున్నం లేకపోవడం ప్యానెల్‌కు మంచిది, గొట్టాల్లో గార పట్టదు.

అల్లుడు: ఫిల్టరు కడిగిన నీళ్లు?

మామ: చిన్న తొట్టికి ఇసుక ఫిల్టరు ఎందుకు? కార్ట్రిడ్జ్ పెట్టు, బకెట్లో కడుక్కోవచ్చు. ఏడాదికోసారి తొట్టి ఖాళీ చేసేటప్పుడు మూత తీసి, క్లోరిన్ వెయ్యకుండా నాలుగు రోజులు ఎండనిచ్చి, కొబ్బరి పాదులకు వదులు. అప్పుడు నీ నాలుగు చెట్ల లెక్క కూడా తీరిపోతుంది.

అల్లుడు: సెంట్రింగ్ మేస్త్రికి చెప్తాను. నాలుగంగుళాల స్లీవ్‌లు రెండు, ఎక్కే పైపుకీ దిగే పైపుకీ. వాన పైపుకు ఆరంగుళాలది ఇంకోటి. మోటారు గది గచ్చు నేలకు రెండడుగుల ఎత్తున. ఇంకా... ఫిల్టరు దాటాక ఒక టీ అదనంగా వేయిస్తున్నాను మావయ్యా. పిల్లల పూల్‌కి.

మామ: వేయించుకో. డమ్మీ బిగించి ఉంచు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తావో కాగితం మీద చూపించే దాకా అది విప్పనివ్వను.